ఆఖరి చూపుకి ఎంత డోసు?

"కొడుకు కోసమే పానం పట్టుకొని ఉన్నది" అనే మాట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు చావు మంచం దగ్గర వినబడేదే. కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఒకప్పుడు పానం తనంతట తానే నిలిచేది, లేదా నిలవకపోయేది. ఇప్పుడు ఐసీయూలో సిరంజి పంపు నిలబెడుతోంది.

సెప్టిక్ షాక్‌లో రక్తనాళాలు సడలిపోతాయి. సెలైన్ ఎక్కించినా బీపీ నిలవదు. మొదట నార్‌అడ్రినలిన్ పెట్టి సగటు బీపీని 65 దగ్గర ఉంచాలని చూస్తారు. చాలకపోతే వాసోప్రెసిన్, అదీ చాలకపోతే అడ్రినలిన్. వీటిలో ఏదీ ఇన్ఫెక్షన్‌ని చంపదు. యాంటీబయాటిక్ పనిచేసేదాకా గడువు తెచ్చిపెడతాయి, అంతే. ఆ గడువు చాలామందిని బతికించింది కూడా.

అయితే ఆ అంకెను నమ్మి మోసపోవచ్చు. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకునే ఒక మందు మీద జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. బీపీ చక్కగా పెరిగింది. మందు తీసుకున్నవాళ్లలో 59 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలో 49 శాతం. ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. (డాష్‌బోర్డంతా పచ్చగా ఉండి యాప్ పనిచేయని రోజులు మా ఉద్యోగంలో మామూలే. అక్కడ పోయేది మహా అయితే ఒక వీకెండ్.)

ఇప్పుడు అసలు చిక్కు. మూడు మందులూ నడుస్తున్నాయి, మూత్రం ఆగింది, వేళ్ల చివర్లు నల్లబడుతున్నాయి. కొడుకు ఫోన్లో, "నేనొచ్చేదాకా ఎట్లన్న ఉంచుండ్రి సార్" అంటాడు. కొడుకు ఊరట కోసం తండ్రి ఒంటిని వాడుకోవడం తప్పని వాదించొచ్చు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. నోరు పెగిలితే ఆ తండ్రి కూడా ఆ ఒక్క రోజు అడిగేవాడేమో. ఆఖరి చూపు ఇద్దరిదీ. నాకు తప్పనిపించేది, దాన్ని వైద్యమని చెప్పడం. "ఇంకో ఇంజక్షన్ చూద్దాం" అంటే ఇంట్లోవాళ్లకు బతుకుతాడనే వినిపిస్తుంది, పుస్తెలతాడు కుదువకు పోతుంది. "ఇది మీ తమ్ముడు వచ్చేదాకే, నొప్పి తెలియకుండా చూస్తం, డోసు ఇంతకన్న పెంచం" అని చెప్తే, ఎన్ని గంటలో వాళ్లే లెక్కేసుకుంటారు.

2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనప్పుడు ఇలాంటి చికిత్సను ఆపే దారి చూపింది. 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. ఫ్లైట్ టికెట్ల గురించి అందులో ఏమీ లేదు. సిరిసిల్లలో మరమగ్గం నడిపినాయన కొడుకు పాస్‌పోర్టు అక్కడి యజమాని బీరువాలో ఉంటే, రేపు అన్నది ఎల్లుండి అవుతుంది. పంపులో మందు అయిపోవస్తుంది. ఇంకో సిరంజి నింపాలా అని నర్సు అడుగుతుంది.