నీడ మీద ఎవరికి హక్కుంది?

మనసు బరువెక్కినప్పుడు కాసేపు చెట్ల మధ్య నడిచివస్తే తేలికపడుతుంది. ఇది చదువుకున్నవారికీ చదువురానివారికీ అనుభవంలో ఉన్న సంగతే. అయితే ఈ మేలు వెనుక మనం అంతగా పట్టించుకోని ఒక నైతిక ప్రశ్న దాగి ఉంది. పచ్చదనం నిజంగానే ఆరోగ్యాన్నిస్తుంటే, దాన్ని ఇతరులకు అందకుండా చేయడం వారికి హాని తలపెట్టడం కాదా? పాఠకులు ఈ విషయమై మాతోపాటు కాస్త ఆలోచించాలని కోరుతున్నాం.

ముందుగా వాస్తవాలు చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించాడు. వారిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ కనిపించేది. 1984లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం, చెట్లు కనిపించినవారు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గోడ కనిపించినవారు 8.70 రోజులు ఉన్నారు. మొదటివారికి ఘాటైన నొప్పి మందుల అవసరమూ తక్కువగానే పడింది.

ఇంగ్లాండులో సుమారు 20 వేల మంది ఇచ్చిన సమాధానాల ఆధారంగా 2019లో మరో అధ్యయనం వెలువడింది. వారానికి రెండు గంటలైనా పచ్చని ప్రదేశాల్లో గడిపేవారిలో తమ ఆరోగ్యం బాగుందని, జీవితం తృప్తిగా ఉందని చెప్పినవారు ఎక్కువని అందులో తేలింది. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా బయట తిరుగుతారేమో అన్న సందేహానికి ఇక్కడ తావుంది, దాన్ని దాచనవసరం లేదు. చెట్టు నీడ మందుకు బదులు కాదు, రోగి వైద్యుని దగ్గరకు వెళ్ళవలసిందే. కాని చెట్టు చేసే మేలు ఉత్త ఊహ కూడా కాదు. ఉదయపు వెలుగు మన నిద్ర వేళలను సరిచేస్తుంది. ఆకులు విడిచే నీటి ఆవిరి చుట్టుపక్కల వేడిని తగ్గిస్తుంది. అన్నిటికీ మించి, నీడ ఉన్నచోట మనుషులు ఇల్లు దాటి బయటికి వస్తారు, నలుగురితో కలుస్తారు.

ఈ చివరి మాట ఎంత నిజమో మా వీధిలోనే మేము కళ్ళారా చూశాం. అక్కడ ఒక వేపచెట్టు ఉండేది. ఒక ఇంటి ప్రహరీ లోపల మొలిచినా దాని కొమ్మలు సగం వీధి మీదకే వాలి ఉండేవి. అసర్ నమాజుకు వస్తూ పోతూ పెద్దలు దాని కింద కూర్చునేవారు. ఆకులు ఊడ్వలేక, కారు నిలపడానికి చోటు చాలక ఇంటాయన ఒకరోజు దాన్ని కొట్టించాడు. ఎవరూ ఏమీ అనలేదు. మేమూ అనలేదు.

కొన్ని నెలలకు ఆ పెద్దల్లో ఒకరు మస్జిదుకు రావడం తగ్గించారు. పరామర్శించడానికి వెళితే ఆయన అన్నమాట ఇది: "మోకాళ్ళ నొప్పి పాతదే, మౌల్వీ సాబ్. అప్పుడు దారిలో వేపచెట్టు కింద కాసేపు కూర్చుని లేచేవాణ్ణి. ఇప్పుడు మధ్యలో కూర్చుందామంటే నీడేదీ?"

"నా స్థలంలోని చెట్టు నా ఇష్టం" అని యజమాని అనవచ్చు. కాని చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2002 నాటి వాల్టా చట్టంలో ఉంది. అంటే చట్టం కూడా దీన్ని కేవలం సొంత వ్యవహారంగా చూడలేదు. ఇక ధర్మం సంగతి చూద్దాం. ప్రజలు నడిచే దారిలో, వారు ఆశ్రయించే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పని అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ నీడ ఎవరి చెట్టుదన్నది అక్కడ ప్రశ్న కాదు. జనం దాన్ని ఆశ్రయించారు, అంతే. నీడను పాడుచేయడమే అంత తప్పయితే, అసలు నీడే లేకుండా చేయడాన్ని ఏమనాలి? మేము ఫత్వా ఇవ్వడం లేదు. ఎవరి అంతరాత్మను వారు ప్రశ్నించుకోవాలని మాత్రమే అంటున్నాం.

అయితే న్యాయంగా మాట్లాడాలంటే రెండోవైపు కూడా చూడాలి. అన్నేళ్ళు ఆ చెట్టు కింద కూర్చున్న మనం ఏనాడైనా ఆకులు ఊడ్చామా? కొమ్మలు తీగల మీద పడినప్పుడు నలుగురం కలిసి ఖర్చు పెట్టుకున్నామా? నీడను అందరం పంచుకున్నాం, చీపురును మాత్రం ఒక్క ఇంటికే వదిలేశాం. హక్కు ఉన్నచోట బాధ్యత ఉంటుంది. బాధ్యతను పంచుకోనివారు హక్కును గుర్తుచేస్తే ఎవరు వింటారు? ఆ గొడ్డలి వేటులో మన నిర్లక్ష్యానికీ భాగముంది.

కాబట్టి సోదరులారా, మీ వీధిలో మిగిలి ఉన్న చెట్టును ఈరోజే ఒకసారి చూడండి. దాని వల్ల ఇబ్బంది పడుతున్న ఇంటివారిని పలకరించండి. వారానికి ఒకసారైనా ఆ ఆకులు మీరు ఊడ్వండి. చెట్టు లేనిచోట ఒకటి నాటండి. నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది నాటినవానికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు.

మా మస్జిదు ఆవరణలో గేటు పక్కన ఒక కానుగ మొక్క నాటాం. వుజూ చేసిన నీళ్ళు దాని పాదులోకి పోయేలా చిన్న కాలువ తీశాం. అది నీడనిచ్చే నాటికి ఆ పెద్దాయన ఉంటారో లేదో అల్లాహ్‌కే తెలుసు. అంతవరకు దాని పక్కన ఆయన కోసం ఒక కుర్చీ వేసి, సాయంత్రాలు మాలో ఒకరం వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకువస్తున్నాం. ఇతరుల హక్కులను గుర్తించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!