పిడుదును మోసిన పశువు

పిడుదు అను పురుగును పల్లెలో పెరిగినవారందరు నెరుగుదురు. కొన్ని ప్రాంతములలో దానిని గోమారి యందురు. పశువు చెవి లోపల, గంగడోలు మడతలలో, పొదుగు చుట్టు కరచిపట్టుకొని రక్తము త్రాగి ఆముదపు గింజవలె ఉబ్బును. లాటిను భాషలో ఆముదపు చెట్టునకు వచ్చిన పేరు ఈ పురుగు పేరే. ఆ పేరు పెట్టినవారును మనవలెనే చూచిరి కాబోలు.

మా ఇంట పెద్దమ్మ సాయంకాలములయందు పిడుదులను ఏరి, కిరసనాయిలు పోసిన కొబ్బరి చిప్పలో వేయుచుండెను. ఆ పని నాకప్పగించిన దినములలో, చిప్ప తెచ్చుకొను బద్ధకముచేత, నేను వాటిని ఏరి ప్రక్కవారి దొడ్డిలోనికి విసరివేయుచుంటిని. ఈ మాట ఇప్పుడెందుకనగా, ఒక ప్రశ్న నన్ను చాల కాలమునుండి విడువకున్నది. తనకే బాధయు కలిగింపక పరులను చంపు దానిని మోసినవాడు దోషి యగునా?

పందొమ్మిదవ శతాబ్దములో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునుండి కాపరులు పెద్ద మందలను ఉత్తరపు సంతలకు తోలుకొని పోవుచుండిరి. ఆ పశువులు ఆరోగ్యముగానే యుండెను. కాని అవి నడచిన దారిలో మేసిన ఉత్తరదేశపు పశువులు నెల, నెలన్నర గడిచినంతట జ్వరము వచ్చి, ఎఱ్ఱని మూత్రము పోసి చచ్చుచుండెను. మిస్సోరి, కాన్సస్ రైతులు తుపాకులు పట్టుకొని మందలకు అడ్డము నిలిచిరి. టెక్సస్ వారో, తమ పశువులలో ఒకటియు జబ్బుపడలేదే, లేని జబ్బును అవి ఎట్లు తెచ్చునని వాదించిరి. వారు బొంకలేదు. వారు కన్నది అంతే.

సంగతి 1893లో తేలెను. థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అను ఇరువురు దక్షిణపు పశువుల పిడుదులను చేతితో ఏరించి, పిడుదులు లేని ఆ పశువులను ఉత్తరపు పశువులతో ఒక బీడులో కట్టిరి. ఏమియు కాలేదు. మరియొక బీడులో దక్షిణపు పశువు ఒక్కటియు లేకుండ పిడుదులను మాత్రము చల్లిరి. అచ్చట జ్వరము వచ్చెను. రక్తములోని క్రిమి తల్లి పిడుదునుండి గ్రుడ్లద్వారా పిల్లలకు పోవుచున్నది. ఆ పిల్లలు గడ్డిమీద కాచుకొనియుండి మరియొక పశువునెక్కును. నెలన్నర ఆలస్యమునకు కారణమిదియే. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినది దీనికి నాలుగేండ్ల తరువాత, 1897లో. దక్షిణపు దూడలు పసితనముననే కుట్టబడి, స్వల్పముగా జ్వరపడి తేరుకొని, పిమ్మట ఆ క్రిమిని రక్తములో మోయుచు సుఖముగా బ్రతుకును. వాని క్షేమమే ఇతరులకు ముప్పు.

ఇట్టి వ్యవహారములో మోషే ధర్మశాస్త్రము రెండు మాటలు చెప్పుచున్నది. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచిన ఎద్దును గూర్చిన విధి కలదు. అది పొడుచునదని యజమానుడు ముందుగా ఎరుగనియెడల అతడు నిర్దోషి. హెచ్చరింపబడియు కట్టివేయనియెడల దోషి. లేవీయకాండము 4వ అధ్యాయములోనైతే, తెలియక చేసినవాడు కూడ ఆ సంగతి తెలిసిన దినమున అర్పణ తేవలెను. ఈ రెండును ఒకదానినొకటి కొట్టివేయునా? నాకట్లు తోచదు. మొదటిది శిక్షను గూర్చినది, రెండవది బాకీని గూర్చినది. 1893కు ముందు టెక్సస్ కాపరిని హంతకుడనుట అన్యాయము. ఆ తరువాత, నా పశువు బాగుగానున్నది గదా అనుట వేరు మాట.

అయినను ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పలేము. 1906 మొదలుకొని అమెరికా ప్రభుత్వము పిడుదులను నిర్మూలము చేయ పూనుకొని, రెండు వారములకొకసారి పశువులను పాషాణపు నీటి తొట్లలో ముంచవలెనని ఆజ్ఞాపించెను. నాలుగు ఆవులున్న పేదరైతు పనిదినము పాడుచేసికొని వాటిని తొట్టి యొద్దకు తోలుకొని పోవలెను. అతని కంటికి అవి జబ్బుపడినవి కావు. కొందరు కోపముచేత తొట్లను డైనమైటుతో పేల్చివేసిరి. వారు చేసినది తప్పే. కాని మేలు ఒకరికిని శ్రమ ఒకరికిని పంచిపెట్టినవారిది ఏ పాటి న్యాయమని అడుగవలసియున్నది. 1943 నాటికి, మెక్సికో సరిహద్దున ఒక పట్టీ తప్ప, ఆ దేశములో ఆ పిడుదు లేకపోయెను.

మన దేశమందును ఇట్టి చిక్కు కలదు. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చెను, పిమ్మట మనుష్యులు జ్వరముపడి చనిపోయిరి. పూనా వైరస్ పరిశోధనా కేంద్రము వారు అది పిడుదులు మోయు క్రొత్త వైరస్ అని కనుగొనిరి. అడవిలో మేయు ఆవులకు ఆ జబ్బు కనబడదు. కాని పెద్ద పిడుదులు వాని రక్తము త్రాగియే గ్రుడ్లుపెట్టి పెరుగును. పిల్ల పిడుదులు కట్టెలు, ఎండుటాకులు ఏరుకొనువారిని కుట్టును. అడవికి పోవద్దని చెప్పుట గ్యాసు పొయ్యి గలవారికి సులభమే.

ఇక నా సంగతి. ప్రక్కవారు బ్యాంకు అప్పుతో జెర్సీ సంకరపు ఆవును కొనిరి. ఇట్టి సంకరపు ఆవులు పిడుదు జ్వరములకు మన నాటు పశువులవలె తట్టుకొనలేవు. 1981 వేసవిలో అది కాఫీ రంగు మూత్రము పోసి నాలుగు దినములలో చచ్చెను. పిడుదు జ్వరమని పశువుల డాక్టరు చెప్పెను. మా నాటు ఆవులు నెమరువేయుచునే యుండెను. నేను విసరిన పిడుదులే దానిని చంపెనని ఎవరును చెప్పజాలరు. పిడుదులకు గోడ దాటుటకు నా చేయి అక్కరలేదు, రెండిండ్లవారును ఒకే గట్టున గడ్డి కోయుచుండిరి. ఈ వాదమును నాకు నేనే ఎన్ని మారులు చెప్పుకొంటినో. అయినను ఆ దినమున నేను నోరు తెరువలేదు.

ముప్పది యేండ్లు గడిచినతరువాత ఊరికి పోయినప్పుడు ఆ యింటి అత్తయ్యతో చెప్పితిని. ఆమె కొంతసేపు నా ముఖము చూచెను. “ఆ అప్పు తీరేసరికి మాకు ఆరేళ్లు పట్టిందిరా అబ్బాయ్” అని, లేచి లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి యిచ్చెను.