పునాదిలోని పూజ

పాలంపేట రామప్ప గుడి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగుది. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెబుతోంది. గర్భగుడిలో కొలువైంది రామలింగేశ్వరుడు. జనం నోట మాత్రం గుడికి శిల్పి రామప్ప పేరే నిలిచింది.

మరి కంటికి కనబడని పని కూడా పూజేనా?

గుడి మీది మదనిక శిల్పాల సొగసు చూసి ఆగని వారుండరు. కానీ గుడి బరువంతా మోస్తున్నది అడుగున గోతిలో నింపిన ఇసుక; నేల కదిలితే కుదుపును తగ్గించేదీ అదే. శిఖరానికేమో నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు. ఎవరూ చూడని ఆ ఇసుకలోనూ మదనికల నడుము వంపులో ఉన్నంత భక్తే ఉంది. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జనగామ, మహబూబాబాద్‌ల నుంచి ఆర్కిటెక్చర్ చదవబోయే పిల్లలూ, మొదటి ఏడాదిలోనే ఇక్కడికి రండి. దగ్గర్లోనే ఉన్న, శిథిలమైన గణపురం కోటగుళ్లనూ తప్పక చూడండి.