చలికాలపు యాత్రికుడు

ధ్యాన భాగము: 2 తిమోతి 1:16–18, 4:9–21



తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుదారి ప్రక్కనున్న ఒక గ్రామములో మన సంఘస్థురాలైన ఒక తల్లి కలదు. ఆమె కుమారుడు బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పైచదువు నిమిత్తము జర్మనీ దేశమునకు వెళ్లెను. గడచిన జనవరిలో, కుప్పనూర్పుల వేళ, ఆమె నా యొద్దకు వచ్చి ఫోను చేతికిచ్చి, కుమారుడు వ్రాసినది చదివి చెప్పుమని కోరినది. వ్రాసినది తెలుగే గాని ఆమెకు కళ్లు ఆనవు.

క్రిస్మసు సెలవులలో అతడు తోటి విద్యార్థులతో కలిసి పురాతన పట్టణములను చూడబోయెను. విట్టెన్‌బర్గులో, లూథరుగారు 1517లో తన 95 వాదాంశములను అంటించెనని సండేస్కూలులో నేర్చుకొన్న ఆ తలుపును చూడగోరెను. ఆ చెక్క తలుపు 1760లో యుద్ధపు మంటలలో కాలిపోయినది. ఇప్పుడున్నది 1858లో నిలిపిన కంచు తలుపు. దానియెదుట జనులు ఫోటోలు తీసికొనుచుండిరి. మరల తాను చదువుకొను ఊరికి వచ్చి ఆదివారము ఆరాధనకు పోగా, తల నెరసినవారు పదిమందికి మించి లేరు.

“అమ్మా, మన ఊళ్లో పండుగనాడు పందిరి వేసినా చోటు చాలదు. ఇక్కడ దీపం ఆరిపోయింది. ఇక నేను గుడికి పోయి ఏం చేయాలి?” అని ముగించెను.

తల్లి కొంతసేపు మాటలాడలేదు. “అయ్యగారూ, వీడు మానేస్తాడేమోనండి” అనినది. నాకును వెంటనే జవాబు తోచలేదని దాచక చెప్పుచున్నాను.

ఆ రాత్రి ఈ పత్రిక చదివితిని. రోమా ఆనాడు లోకములోకెల్ల గొప్ప పట్టణము. ఒనేసిఫోరు అక్కడికి పోయెను. అతడు రాజభవనములు చూచెనో లేదో పౌలుగారు వ్రాయలేదు. వ్రాసినది ఒక్కటే: అతడు సంకెళ్లలోనున్న ఒక ముసలివానిని శ్రద్ధగా వెదకి కనుగొనెను. తిమోతిని కూడ పౌలుగారు పిలుచుచు, త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మనెను. చలి ముదరకముందే రమ్మనెను. ఆ సముద్రముమీద నవంబరు నడుమ నుండి మార్చి వరకు ఓడలు తిరుగుట అరుదు. కాలము మించి బయలుదేరిన ఓడ ఏమగునో, పదునాలుగు దినములు తుపానులో కొట్టుకొనిపోయిన పౌలుగారికి మనము చెప్పనక్కరలేదు. దేమా విడిచిపోయెను. మొదటి విచారణలో ఒక్కరును ప్రక్కన నిలువలేదు. ఆ రోమాలోను ఆనాడు దీపము ఆరినట్లే కనబడియుండును.

లూథరుగారు కూడ యువ సన్యాసిగా, 1510 చివరనో 1511లోనో, మఠపు పనిమీద చలికాలమున ఆల్ప్స్ కొండలు దాటి కాలినడకను రోమాకు పోయెను. తాతగారి ఆత్మకొరకు పరిశుద్ధ మెట్లను మోకాళ్లమీద ఎక్కి, పైకి చేరి, ఇది నిజమో కాదో ఎవరెరుగుదురని సందేహించెను. ఈ సంగతి ఆయనయే ముసలితనమున చెప్పెను. గొప్ప పట్టణము చూచి మనస్సు విరుగుట క్రొత్త సంగతి కాదు.

మరియొక మాట. విట్టెన్‌బర్గునకు ఎక్కువ దూరములేని హాలె పట్టణమున్నది. 1719లో మన దేశమునకు వచ్చిన బెంజమిన్ షుల్జుగారు మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి త్రిప్పెను. 1743లో స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో హాలెలో తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకములు అవియే అందురు. బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. కర్పు ఇంట విడిచిన ఆ చర్మపు కాగితములవలె! ఆయన 1760లో మరణించునాటికి దాని ఫలమేమియు చూడలేదు. తెలుగు క్రొత్త నిబంధన అంతయు 1818లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. మన గుంటూరునకు 1842 జులై 31న వచ్చిన హయ్యరుగారు కూడ ఆ జర్మనీ దేశపు హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవారే. గుంటూరు పేరు విననివారు ఏ కొద్దిమందియో చలిలో కూర్చుండి చేసిన ప్రార్థనలు మన పందిళ్ల క్రింద ఉన్నవి.

కనుక ఆ యువకునికి నేనిట్లు వ్రాసితిని: “నాయనా, నీవు తలుపు చూచితివి, సమాధి చూచితివి. ఆ పదిమందిని చూడలేదు, లెక్కపెట్టితివి. వారిలో ఒకరి ప్రక్కన కూర్చుండుము. నీ తాతలకు సువార్త పంపినవారి పిల్లలు చలిలో ఒంటరిగా ఉండగా, అంగీ తెచ్చువాడవు నీవే కావచ్చును.”

మూడు వారములకు జవాబు వచ్చెను. పొడుగుది కాదు. ఒక ముసలామె ప్రక్కన కూర్చుంటినని, ఆమె తన పాటల పుస్తకము సగము తన వైపునకు జరిపెనని, ఆమె వ్రేళ్లు వణకుచుండెనని, భాష సరిగా రాకున్నను పాడితినని వ్రాసెను.

అది చదివి వినిపింపగా తల్లి, “ఆమె పేరేంటండి?” అని అడిగినది. అతడు వ్రాయలేదంటిని. “అడగమని రాయండి అయ్యగారూ. బుధవారం ప్రార్థనలో చెప్పాలి” అనినది. అక్కడనే కూర్చుండి వ్రాసి పంపితిని.