నిలబడే చోటు

జపాన్‌లో టోక్యో నుంచి ఒసాకా వైపు నడిచే నొజొమి షింకన్‌సెన్‌కి 16 పెట్టెలు. మామూలు రోజుల్లో ముందున్న కొన్నింటికి రిజర్వేషన్ అక్కర్లేదు. క్యూలో నిలబడి ఎక్కేయడమే. 2023 ఏడాది చివరి సెలవుల నుంచి మాత్రం కొత్త సంవత్సరానికీ, గోల్డెన్ వీక్‌కీ, ఆగస్టులో ఓబోన్‌కీ అన్ని సీట్లూ రిజర్వేషనే. ఎక్కే దగ్గర రద్దీకి బండ్లు ఆలస్యమవుతున్నాయనేది కారణం.

ప్రోగ్రామర్‌గా నాకు ఈ పరిష్కారం నచ్చుతుంది. న్యాయమేనా అంటే మాత్రం తటపటాయిస్తాను. క్యూ మన ఓపికని అడుగుతుంది. రిజర్వేషన్‌కి కావాల్సింది వేరు: ఫలానా రోజు సెలవని ముందే తెలిసుండాలి. షింకన్‌సెన్ టికెట్లు నెల ముందు తెరుస్తారు, మన రైల్వేలో 60 రోజుల ముందు. లీవ్ క్యాలెండర్ ఉన్న నాలాంటివాడికి ఇబ్బంది లేదు. పండగ ముందురోజు దాకా యజమాని ఏ మాటా తేల్చని బట్టల షాపు కుర్రాడి సంగతేంటి?

క్యూ గొప్పదని కాదు. చంటిపిల్ల తల్లినీ, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన్నీ అదే ఓడిస్తుంది. అందుకే జపాన్ ఉంచిన చిన్న సందు నాకు ముఖ్యమనిపిస్తుంది: రిజర్వేషన్ లేని టికెట్‌తో ఆ రోజుల్లోనూ నొజొమి ఎక్కి, తలుపుల దగ్గర నిలబడి వెళ్ళొచ్చు.

మన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి రోజున మొదలైంది. అందులో జనరల్ పెట్టె లేదు. అది ఉన్న బండ్లు వేరే ఉన్నాయి, నిజమే. పండక్కి వాటిలో కాలు పెట్టే చోటుండదు. సెలవు ఆఖర్న దొరికినవాళ్ళ కోసం వేగమైన బండిలోనూ కాస్త చోటు మిగల్చాలి. దానివల్ల పది నిమిషాలు ఆలస్యమైతే, సీటు దొరికిన మనం ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.