మేస్త్రిగారి మాట

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకు పేరు పడుతున్న రోజుల్లో అక్కడ ఒక పెద్ద మేస్త్రి ఉండేవారు. రాగి కడ్డీకి పల్చని బంగారు రేకు చుట్టి, వెలిగారం వేసి కొలిమిలో అతికించి, కమ్మచ్చులో పెట్టి తీగ లాగేవారు. ఎంత సన్నగా లాగినా రాగి బయటపడేది కాదు. బందరు బజారు నుంచి దివిసీమ పల్లెల దాకా, పిల్ల పెళ్లికి బంగారం కొనలేని ఇళ్లన్నీ ఆయన గొలుసులే కొనేవి. మేస్త్రిగారి సరుకంటే చాలు, గీటురాయి అడిగేవాళ్లు కాదు.

ఎంత రాగికి ఎంత రేకు, ఏ వేడి దగ్గర కొలిమి ఊదడం ఆపాలి, ఆ పాళ్లన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. కాగితం మీద పెట్టలేదు. కొడుకులకు చెప్పలేదు, అల్లుళ్లకు చెప్పలేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని "ఇవ్వాళ ఇంత" అంటే అంతే. ఎందుకని అడిగినవాడు మర్నాడు పనిలో ఉండేవాడు కాదు.

ఒకసారి ఆయన వైద్యానికి పొరుగూరు వెళ్లినప్పుడు, కూడా ఉన్న భాగస్తుడు కొట్టు తాళాలు తన చేతిలో వేసుకున్నాడు. మేస్త్రి తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా ఆయన వెనక నిలబడి, నెల తిరిగేలోగా ఆ తాళాలు ఇప్పించింది. ఇకనైనా పాళ్లు రాసి పెడతారనుకున్నారు పెద్దలు. రాయలేదు.

ఆయన ఇల్లాలు కొలిమి వైపు వచ్చేది కాదు. మధ్యాహ్నం పనివాళ్లందరికీ మజ్జిగ పోయించేది. అందరూ అమ్మ అనేవాళ్లు. ఆవిడ పోయాక ఇల్లు బోసిపోయింది. కొడుకులు ఎవరి కాపురాలు వాళ్లవి. మేస్త్రికి చెయ్యి వణకడం మొదలైంది, మాట తడబడింది. ఆ రోజుల్లోనే ఆయన జీవితకథ రాస్తానంటూ ఒక పంతులమ్మ వచ్చింది. కథ రాయడానికి వచ్చి మందులిచ్చింది, అన్నం తినిపించింది. ఒకనాడు మేస్త్రి పదిమందిలో ఆమెను భార్యగా చేసుకుంటున్నానని చెప్పారు. కొడుకుల నోట పిన్ని అన్న మాట రాలేదు. "ఆవిడ" అనేవాళ్లు.

అప్పటి నుంచి మేస్త్రి లోపల చెప్పేవారు, ఆమె బయటికొచ్చి అదే చెప్పేది. "ఆమె చెబితే నేను చెప్పినట్టే" అన్నారు ఆయన. ఆ సంక్రాంతికి కొట్టు ముందెన్నడూ లేనంత సరుకు అమ్మింది. పనివాళ్లు ఇద్దరికీ ఒకే బల్ల మీద పీట వేశారు.

పండగ వెళ్లాక గొణుగుడు మొదలైంది. ఇది మేస్త్రిగారి మాటేనా, ఆవిడ మాటా? కొందరు పెరటి దారిన వచ్చి తమ గోడు ఆమె చెవిన వేసిపోయేవాళ్లు. ఆమె వాళ్లను కొట్టు దగ్గరికి పొమ్మనలేదు. ఇంతలో ఒక బుట్టెడు గొలుసులు నల్లబడి వెనక్కొచ్చాయి. అంతే. కొడుకులు, అల్లుళ్లు, పనివాళ్లు సత్రంలో చేరి తలుపు వేసుకున్నారు. కొలిమి, కమ్మచ్చులు, చివరికి కొట్టు పేరు రాసిన బోర్డు కూడా పట్టుకుపోయారు. మేస్త్రి వెళ్లి తలుపు కొట్టినా తీయలేదు. చలికాలం దాటకుండానే ఆయన పోయారు. "ఆవిడ కాలు పెట్టిన వేళ" అన్నారు ఊళ్లోవాళ్లు.

కుంకుడు రసంతో నగలకు మెరుగు పెట్టే ముసలమ్మ ఒకతె ఆ కొట్లోనే పండిపోయింది. దినం నాడు పెద్దలందరూ కూర్చున్నచోటికి వచ్చి అడిగింది. "పాళ్లు ఆయన నోట్లో ఉన్నన్నాళ్లూ మీరంతా ఆ నోటి కేసి చూస్తా బతికారు. నోరు పడిపోయాక ఆ మాట ఎవరో ఒకరు మొయ్యాలిగా. పెద్దబ్బాయి మోసుంటే ఇవ్వాళ అతణ్ని అనేవాళ్లు. రాసి పెట్టండి అని మేస్త్రిగార్ని అడిగినోడు మీలో ఎవరయ్యా?" ఎవరూ పలకలేదు. ముసలమ్మ వెనక్కి తిరిగి ఆ పంతులమ్మతో అంది: "నీ చేతిలో కలం ఉందిగదమ్మా. ఆయన కథ రాశావు. పాళ్లు రాయించలేదే?"

నీతి: అధికారమంతా ఒక్కరి నోట్లో ఉన్నచోట, ఆ నోటికి దగ్గరున్న మనిషి మీద ముందు ఆశలు పడతాయి, తర్వాత నిందలు పడతాయి. ఆ మనిషి భార్య అయితే ముందు నుంచీ ఉన్న తప్పులు కూడా ఆమె ఖాతాలోకే వెళ్తాయి.

కల్పితమైన కథే అయినా, కృష్ణా జిల్లా వాళ్లకు ఇది ఎవరిని గుర్తుచేస్తుందో చెప్పక్కర్లేదు. బందరుకూ గుడివాడకూ నడుమ ఉన్న నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన నందమూరి తారక రామారావు, 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. 1989 నాటికి నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్‌గా ఢిల్లీ గద్దెను కదిలించిన నాయకుల్లో ఒకరు. ఆయన మొదటి భార్య బసవతారకం 1985లో కాన్సర్‌తో పోయారు. లక్ష్మీపార్వతి తెలుగు లెక్చరరు. ఆయన జీవితచరిత్ర రాయడానికి వచ్చి, అనారోగ్యంలో ఆయనకు తోడుగా నిలిచారు. 1993లో, 70 ఏళ్ల వయసులో, తిరుపతి సభలో ఆయనే తన పెళ్లి సంగతి ప్రకటించారు.

1994 డిసెంబరులో తెలుగుదేశం 294 స్థానాల్లో 216 గెలిచింది. ఆ ఎన్నికల ప్రచారంలో లక్ష్మీపార్వతి ఆయన పక్కనే ఊరూరా తిరిగారు. అప్పుడు ఆమె పక్కన నిలబడి ఓట్లడగడానికి అభ్యర్థులకు ఇబ్బంది అనిపించలేదు. తొమ్మిది నెలలు తిరక్కుండా వాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో చేరారు. టికెట్లలో, పదవుల్లో, ప్రభుత్వ నిర్ణయాల్లో ఆమె జోక్యం మితిమీరిందని, పార్టీని ఆమె నుంచి కాపాడుకోవాలని చెప్పారు. ఆ హోటల్ ముందుకు వెళ్లిన రామారావు వ్యాను మీద చెప్పులు పడ్డాయి. శాసనసభ రద్దు చేయమని ఆయన ఇచ్చిన సిఫారసు నిలవలేదు. 1995 సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు.

ఎమ్మెల్యేల ఫిర్యాదును నేను తీసిపారేయను. ఎన్నిక కాని మనిషి ప్రభుత్వంలో మాట చెల్లించుకుంటే, ఆ మనిషి భార్య అయినా అల్లుడు అయినా కార్యదర్శి అయినా, ఓటేసినవాడు అభ్యంతరం చెప్పాలి. 1995లో లక్ష్మీపార్వతి శాసనసభ్యురాలు కాదు. ఆమె పాతపట్నం ఉపఎన్నికలో గెలిచింది 1996లో, ఆయన పోయాక. ప్రజలు ఇచ్చిన హోదా లేకుండా ఆయన చెవికి దారి తానే అయినప్పుడు, ఆ దారిని పార్టీ ఆఫీసు వైపు మళ్లించాల్సిన బాధ్యత ఆమెకూ ఉంది.

కానీ అంతా ఆమెతోనే మొదలైందన్న మాట ఒప్పుకోలేను. 1984 ఆగస్టు గుర్తుచేసుకోండి. రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన వెంటనే సొంత పార్టీ సహచరుడు నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కారు. జనం రోడ్ల మీదికొచ్చి నెల రోజుల్లో ఆ కుర్చీ తిరిగి ఇప్పించారు. అప్పటికి బసవతారకం బతికే ఉన్నారు. ఆ సంక్షోభానికి ఏ ఇల్లాలినీ తప్పుపట్టలేదు ఎవరూ. 1989 మొదట్లో ఆయన మంత్రివర్గాన్ని మొత్తం ఒక్కసారే తీసేశారు. అప్పుడు పక్కన లక్ష్మీపార్వతి లేరు. మంత్రుల్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ ఒక్క మాటేనని పార్టీలో అందరికీ తెలుసు, అందరూ ఒప్పుకున్నారు. తమకు అనుకూలంగా ఉన్నన్నాళ్లు దాన్ని నాయకత్వం అన్నారు. ఆ మాట ఆమె ద్వారా వస్తోందని అనుమానం కలిగాక దానికి పెత్తనం అని పేరు పెట్టారు.

ఆమె అధికారానికి దూరమయ్యాక ఇల్లు సర్దుకుందా? ఆనాడు బావ చంద్రబాబు వైపు నిలిచిన రామారావు కొడుకు హరికృష్ణ తర్వాత విడిపోయి 1999లో అన్న తెలుగుదేశం పెట్టారు. మొదట చంద్రబాబు వెంట ఉన్న మరో అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావు తిరిగి మామ పక్షానికి వెళ్లిపోయారు. ఈ తగాదాల్లో ఆమె పేరుకు చోటేది? వారసత్వం ఎవరిదో, ఎలా తేలాలో ముందుగా ఒక నిబంధన లేకపోవడమే వీటన్నిటికీ మూలం.

పక్క రాష్ట్రంలో ఇదే జరిగింది. 1987 డిసెంబరు 24న ఎం.జి. రామచంద్రన్ పోయేనాటికి తన తర్వాత ఎవరో చెప్పలేదు. భార్య జానకి 1988 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు, నెల కూడా నిలవలేదు, పార్టీ రెండుగా చీలింది. అమెరికాలో 1919 అక్టోబరులో అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చాక ఏ కాగితం ఆయన దాకా వెళ్లాలో భార్య ఈడిత్ తేల్చేవారు. అది 1921లో పదవీకాలం ముగిసేదాకా సాగింది. ఆమెను తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా అధ్యక్షుడు మంచం పడితే అధికారం ఎవరిదో ఆ దేశం చివరికి రాసి పెట్టుకుంది, 1967లో, రాజ్యాంగానికి 25వ సవరణగా. దానికి అర్ధశతాబ్దం దాకా పట్టింది. మన ప్రాంతీయ పార్టీల్లో నాయకుడికి జబ్బు చేస్తే, మతిమరుపు వస్తే, హఠాత్తుగా పోతే ఏం చేయాలో రాసుకుని పాటించే పార్టీ నాకు ఇంతవరకు కనిపించలేదు. కార్యకర్తలు ఇప్పటికీ ఇంటి గుమ్మం వైపే చూస్తారు. ఈసారి ఆ గుమ్మంలో భార్య ఉంటుందో, కొడుకు ఉంటాడో, చెల్లెలు ఉంటుందో, అంతే తేడా.

ఇద్దరు భార్యల జ్ఞాపకాన్ని మనం ఎలా పంచామో కూడా చూడాలి. బసవతారకం పేరుతో హైదరాబాదులో కాన్సర్ ఆసుపత్రి ఉంది, 2000 నుంచి రోగులకు సేవ చేస్తోంది. ఆ పేరు అక్కడ ఉండటం ఎంతో న్యాయం. 2019లో రామారావు జీవితం మీద రెండు రకాల సినిమాలు వచ్చాయి: కొడుకు బాలకృష్ణ నటించిన కథానాయకుడులో బసవతారకం కళ్ల ముందు కథ నడుస్తుంది, రామ్‌గోపాల్ వర్మ తీసిన లక్ష్మీస్ ఎన్టీఆర్ లక్ష్మీపార్వతి చుట్టూ తిరుగుతుంది. రెండోదాన్ని ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో విడుదల కానివ్వలేదు కోర్టు. ఒకే మనిషి బతుకును రెండు పార్టీల ఆస్తిగా చీల్చి, ఇద్దరు స్త్రీలను ఆ గీతకు చెరో వైపు నిలబెట్టాం. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు పోటీ పడే అవకాశమే లేదు. 1985కూ 1993కూ మధ్య ఎనిమిదేళ్ల ఖాళీ ఉంది. పోటీ మనం పెట్టిందే.

లక్ష్మీపార్వతి తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు, 2019లో తెలుగు అకాడమీ అధ్యక్షురాలయ్యారు. ఆమె రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు వాదించొచ్చు, ఓడించొచ్చు. గౌరవం వేరే సంగతి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము, రామారావు శతజయంతి గుర్తుగా 100 రూపాయల నాణెం విడుదల చేశారు. కుటుంబసభ్యులు వెళ్లారు. లక్ష్మీపార్వతికి పిలుపు రాలేదు, ఆమె బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 1993లో ఆయన తన నోటితో ప్రకటించిన పెళ్లిని గౌరవించడానికైనా ఆమెను పిలిచి ఉండాల్సింది.