నోరు మంచిదైతే...

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు మనవాళ్ళు. ఆఫీసుల్లో ఈ సామెతని మరీ శ్రద్ధగా పాటిస్తే ఏమవుతుందో చూడాలంటే మా డెట్రాయిట్ వైపు రావాలి.

నేనుండే ఫార్మింగ్టన్ హిల్స్ డెట్రాయిట్ శివారు ఊరు. బాష్ కంపెనీ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం, నిస్సాన్ సాంకేతిక కేంద్రం ఇక్కడే ఉన్నాయి. ఏ పుట్టినరోజు విందుకు వెళ్ళినా కార్ల మీద బతికే తెలుగువాళ్ళు కనీసం నలుగురు తగులుతారు. అందుకే 2014లో జనరల్ మోటార్స్ వ్యవహారం బయటపడినప్పుడు మా ఇంటి గొడవలాగే మాట్లాడుకున్నాం.

కొన్ని చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులు. తాళాలగుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం దానంతటదే తిరిగి, నడుస్తున్న బండి ఇంజన్ ఆగిపోయేది. ఆ స్థితిలో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. కంపెనీ పెట్టిన పరిహార నిధి ఒప్పుకున్న మరణాలు 124.

దీనిపై న్యాయవాది ఆంటన్ వాలుకస్ ఇచ్చిన నివేదికలో నన్ను ఆపేసింది ఒక్క మాట. ఇంజన్ ఆగిపోవడాన్ని ఇంజనీర్లు 'వినియోగదారుల సౌకర్యానికి' సంబంధించిన విషయంగా నమోదు చేశారు. సౌకర్యం అన్నాక ఇక ఖర్చు ఎంత, లాభం ఎంత అన్న లెక్కే మిగిలింది. 'భద్రత' అని రాసి ఉంటే ఆ కాగితం వేరే బల్ల మీదికి వెళ్ళేది. 2006 ప్రాంతంలో స్విచ్‌ని బాగుచేశారు గాని పార్టు నంబరు మార్చలేదు. దాంతో కొత్త కార్లకి లేని జబ్బు పాత కార్లకే ఎందుకుందో దర్యాప్తు చేసేవాళ్ళకి ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. 2008లో ఉద్యోగులకిచ్చిన శిక్షణలో 'లోపం' అనకండి, 'డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు' అనండి అని నేర్పారట!

అవతలి వాదనా వినాలి. 'మృత్యుశకటం' లాంటి మాట ఆవేశంలో రాస్తే రేపు కోర్టులో అదే ఉరితాడవుతుంది. నిజమే. విశేషణాలు కొట్టెయ్యండి, అభ్యంతరం లేదు. నామవాచకాల జోలికి మాత్రం వెళ్ళకండి.

నేను పనిచేసిన ఒక చోట, నా రిపోర్టులోని 'పగులు' మూడు సమీక్షలు దాటేసరికి 'ఉపరితలంలో తేడా' అయింది. అబద్ధం ఎవరూ ఆడలేదు. కానీ పగులైతే పరీక్షించాలి, తేడా అయితే గమనిస్తూ ఉంటే చాలు. పాత మాటే ఉండాలని పట్టుబట్టాను. ఉంచారు. తరవాతి సమావేశానికి మాత్రం నన్ను పిలవలేదు.

మన హైదరాబాదు సత్యం కథ ఇంకో రకం. అక్కడ మాట మెత్తబడలేదు, అంకెలే అబద్ధాలు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవు. ఉన్నదానికీ చెప్పినదానికీ మధ్య చిన్నగా మొదలైన తేడా ఏటేటా పెరిగిందని ఆయనే రాశారు. రెండు చోట్లా కామన్‌గా ఉన్నది ఆ తేడాయే. చిన్నగా ఉన్నప్పుడు దాన్ని పేరుపెట్టి పిలిచే మనిషి లేకపోవడమే.

అయితే ఎవరు పిలవాలి? హెచ్-1బి మీద ఉన్న కుర్రాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి అరవై రోజులే గడువు. ఇంటి అప్పు, బళ్ళో పిల్లలు. 'ఊరుకున్నంత ఉత్తమం లేదు' అన్న సామెత అతనికి తాతలనాటి తెలివిగా కాక ఇమ్మిగ్రేషన్ చట్టంలా వినిపిస్తుంది. అతన్ని వీరుడివి కమ్మనే హక్కు నాకు లేదు. గ్రీన్ కార్డూ, పౌరసత్వమూ, పాతికేళ్ళ అనుభవమూ ఉన్న నాలాంటివాళ్ళ సంగతి వేరు. ఆ మాట ముందు మేం అనాలి. ఆ కుర్రాడు అన్నప్పుడు అతని పక్కన కూర్చోవాలి.

కారు కొన్నావిడ మన రిపోర్టులు చదవదు. వెనకసీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి తాళం తిప్పుతుంది, అంతే. నమ్మకమంటే అదే. తను ఎన్నడూ చూడని కాగితం మీద ఎవరో ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటారన్న భరోసా. నోరు మంచిదంటే మెత్తని నోరని ఎవరు చెప్పారో గాని, ఆవిడకి కావలసింది నిజం చెప్పే నోరు.